ఏకేశ్వరవ్రతుడు: శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితము

సికింద్రాబాదునందలి ఉజ్జయినీ మహంకాళి యాలయమును గూర్చి జనులలో నొక వృత్తాంతము నేటికిని చెప్పబడుచున్నది. ఇంగ్లీషు దండులో డోలీ మోయు సురిటి అప్పయ్య యనునాతడు 1813వ సంవత్సరమున ఉజ్జయినియందుండగా, తన యూర కలరా ప్రబలి జనులు కుప్పలుగా చచ్చుచున్నారని వినెను. తనవారు బ్రతికి బట్టకట్టిన యెడల నీకు మా యూర గుడి కట్టుదునని యచ్చటి మహంకాళికి మ్రొక్కుకొనెను. వ్యాధి యుపశమించెను. అప్పయ్య మాట తప్పక తిరిగివచ్చి, 1815లో కొయ్యతో చేయించిన విగ్రహమును నిలిపెను. ప్రతి యాషాఢమునను స్త్రీలు తలపై బోనములెత్తుకొని యిప్పటికిని ఆ వాకిటికి పోవుచునే యున్నారు.

విగ్రహారాధనమును నిరసించు పుస్తకమున ఈ కథను మొదట చెప్పుటకు కారణము కలదు. అప్పయ్య మ్రొక్కును పరిహసించుటకు మాకు నోరాడదు. అతడు తన కొఱకు కోరలేదు. దూరదేశముననుండి తన యూరివారి ప్రాణములకై తల్లడిల్లెను. ఆ తల్లడిల్లిన హృదయము సత్యమే. అది చేరిన చోటే మనకు వివాదాస్పదము.

ఆ గుడికి కొలది మైళ్ల దూరముననే బేగంపేట కలదు. అచ్చట 1897 ఆగష్టు 20వ తేదీని సైనికవైద్యుడగు రొనాల్డు రాసుగారు దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు మలేరియా జ్వరకారకమగు జీవిని కనుగొనిరి. జ్వరమేల వచ్చునో యెఱుగక వేల యేండ్లనుండి మనుష్యులు దేవతలకు మ్రొక్కుచుండగా, దాని మార్గము బేగంపేటలో బయటపడెను. భయమువలన పుట్టిన దేవతలు భయకారణము తెలిసినంతనే తొలగిపోవుదురని తలచువారు ఆ కాలమున ననేకులుండిరి. అట్లు జరుగలేదు. విగ్రహమునకు వేరు భయమునందొక్కటనే లేదనుట దానివలననే తేటపడుచున్నది. ఆ వేరెక్కడనున్నదో వెదకిన మహనీయుడొకడు, రాసుగారు దోమను పరీక్షించిన రెండేండ్లకు, 1899లో సికింద్రాబాదునకు వచ్చి మహబూబు కళాశాలకు ప్రధానాధ్యాపకుడయ్యెను. ఆయనయే రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

ఆయన 1862 అక్టోబరు 1వ తేదీని మచిలీపట్టణమున తెలగా కుటుంబమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. సికింద్రాబాదున గుడి కట్టించిన అప్పయ్యయు దండువాడే, ఈయన తండ్రియగు అప్పయ్యయు దండువాడే. పేరు కలియుట యాదృచ్ఛికమైనను మనస్సున నిలుచును. దండు ఎచ్చటికి కదలిన కుటుంబమును అచ్చటికి కదలవలసినదే గనుక బాలుని చదువు మహారాష్ట్రదేశపు చాందాలో మొదలై హైదరాబాదున సాగెను. తెలుగు మాతృభాష కాగా ఉర్దూ, పారసీ భాషలు ఆయనకు బాల్యముననే యలవడెను. నిజాము ఉన్నత పాఠశాలయందు మెట్రిక్యులేషను ముగించెను.

హైదరాబాదు పెంపకమును ఆయన చరిత్రకారులు కొందఱు రెండు పంక్తులలో ముగింతురు. అది పొరపాటని మా యభిప్రాయము. గోడపై నొక్క రూపమును లేని మసీదులలో, దినమునకు ఐదుమారులు, ఏకుడగు దేవుని యెదుట నవాబును కూలివాడును ఒకే వరుసలో మోకరిల్లుట ఆ పట్టణమున పెరిగిన బాలుడు కన్నులార చూచియుండును. రూపములేని దైవమును కొలువరాదు, సామాన్యునకది యందదు అను వాదమును పిదప ఆయన యెదుట నెవరైన తెచ్చినచో, దానికి సమాధానము ఆయన యెఱిగిన వీధులలోనే యుండెను. రాజా రామమోహనరాయలవారికిని అట్లే జరిగినది. 1803 ప్రాంతమున ఆయన వ్రాసిన తొలి యేకేశ్వరవాద గ్రంథము వెలువడినది పారసీ భాషలోనే. ఇక తెలుగుదేశమున వేమన్న రాతికి మ్రొక్కువారిని ఎంత దెప్పెనో చదువరులెఱుగనిది కాదు.

తరువాతి చదువు చెన్నపురి క్రైస్తవ కళాశాలయందు. అచ్చట ప్రధానాధ్యాపకులు డాక్టరు విలియం మిల్లరుగారు. స్కాట్లండునుండి 1862లో, అనగా వేంకటరత్నముగారు పుట్టిన యేటనే, చెన్నపురికి వచ్చి 1907వఱకు ఆ విద్యాలయమును నడపిరి. జ్ఞానస్నానమిచ్చి తలలు లెక్కపెట్టుకొనుట తన పనియని ఆయన తలంపలేదు. క్రీస్తు చూపిన నీతియు దైవభక్తియు విద్యద్వారమున హిందూదేశపు టాలోచనలోనికి నెమ్మదిగా నింకవలెనని తలచెను. అందుకై స్వమతస్థులచేతనే నిందింపబడెను. ఇట్టి గురువు దొరకుట వేంకటరత్నముగారి భాగ్యము. జీవితాంతమువఱకు ఆయనను గురుభావముతో తలచుచుండిరి.

క్రైస్తవులు విగ్రహారాధనమని దేనిని పిలుతురో ఇచ్చట కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. మనవారిలో పెక్కుమంది, పాదరీలు రాతిబొమ్మను తిట్టుటయే దాని సారమని యనుకొందురు. సంతవీధిలో కరపత్రములు పంచు బోధకులు కొందఱు ఆ భ్రాంతికి తామే కారకులైరి. యూదుల వేదమున దేవుడు మోషేకిచ్చిన పది యాజ్ఞలలో మొదటిది వేఱు దేవతలను కొలువరాదని. రెండవది ప్రతిమను చేసి దానికి సాగిలపడరాదని. ఇవి రెండును ఒకటి కావు. మోషే సీనాయి కొండపై నుండగా క్రింద జనులు తమ చెవిపోగుల బంగారము కరిగించి దూడను పోసికొనిన కథ కలదు గదా, ఆ కథలో నొక చిత్రము కలదు. ఆ దూడ యెదుట జరిగిన పండుగను అహరోను పరదేవతకు చాటలేదు, తమ దేవుడగు యెహోవా పేరనే చాటెను. అనగా వారు దేవుని విడువలేదు. కనబడని దేవునికొఱకు కాచియుండు నోపిక లేక, కనబడునట్లును తమ చేతికి లోబడునట్లును ఆయనను చేసికొనిరి. కొండపైనున్నవాడు ఆలస్యము చేసెను, వారికి తొందర కలిగెను. మనుష్యుని హృదయమున విగ్రహము పుట్టుచోటు అదియే గాని శిల్పి యుంగిటిలో కాదు.

మఱియొక కథ అంతకంటె సూక్ష్మమైనది. అరణ్యమున పాముకాటునకు గురియైనవారు చూచి బ్రతుకుటకై మోషే దేవుని యాజ్ఞవలననే యొక యిత్తడి సర్పమును చేసియుండెను. శతాబ్దములు గడచిన పిమ్మట జనులు దానికే ధూపము వేయ మొదలిడిరి. హిజ్కియా యను రాజు దానిని ముక్కలు చేయించెను. దేవుడిచ్చినదే, మోషే చేతితో చేసినదే, ప్రాణములు నిలిపినదే. అయినను దేవునికి చెందవలసిన స్థానమును అది యాక్రమించినప్పుడు దాని పూర్వపవిత్రత దానిని కాపాడలేదు. ఇక క్రొత్తనిబంధనమున పౌలు ధనలోభమును సయితము విగ్రహారాధనమని పేర్కొనెను. యేసు దేవునికిని సిరికిని ఒకేమారు దాస్యము చేయజాలరని బోధించెను. ఈ దృష్టితో చూచినచో ఒక్క ప్రతిమయు లేని యింటనుండి కూడ మనుష్యుడు గొప్ప విగ్రహారాధకుడు కావచ్చును.

ఈ బోధ యువకుడగు వేంకటరత్నము హృదయమున నాటుకొనెను. క్రీస్తునెడ ఆయనకు గాఢమైన భక్తి కలిగెను. అయినను జ్ఞానస్నానము పొందలేదు, బ్రహ్మసమాజమును ఆశ్రయించెను. మిత్రులును విమర్శకులును ఆశ్చర్యపడినది ఇచ్చటనే. లోకభీతివలన వెనుదీసెనని యనుటకు వీలులేదు. జ్ఞానస్నానమునకు ఆ కాలమున ఎంత మూల్యము చెల్లింపవలసెనో నిజమే. ఆయన జన్మస్థలమగు మచిలీపట్టణముననే రాబర్టు నోబిలుగారు 1843లో స్థాపించిన పాఠశాలనుండి 1852లో ఇరువురు అగ్రవర్ణ విద్యార్థులు క్రైస్తవులు కాగా, ఊరంతయు తల్లక్రిందై, తలిదండ్రులు పిల్లలను మాన్పించివేసి పాఠశాల దాదాపు శూన్యమయ్యెను. కాని బ్రహ్మసమాజమున చేరుటయు ఆ దినములలో పూలబాట కాదు. కులమును తోసిపుచ్చి, కర్మకాండమును మాని, కులగురువులకు దూరమై బ్రతుకుట అదియు నొక వెలియే.

అసలు కారణము సిద్ధాంతమునందున్నది. రామమోహనులు 1820లో యేసు నీతిబోధలను ఏర్చి కూర్చి ప్రకటించి, అద్భుతములను త్రిత్వమును విడిచిపెట్టగా, శ్రీరామపురపు పాదరీ మార్షుమనుగారు కినిసి వాదమునకు దిగిరి. ఆ వాదమున నున్న చిక్కే వేంకటరత్నముగారి తరమువారికిని ఎదురయ్యెను. దేవుడు ఏకుడు, నిరాకారుడు, ఆయన స్థానమున మఱియెవ్వరిని నిలుపరాదు అను బోధను మాకు నేర్పినవాడు క్రీస్తు. ఆ బోధనే మనఃపూర్వకముగా నమ్మినవాడు, ఆ క్రీస్తును దేవుని స్థానమున నిలుపుటకు సంకోచించినచో ఆ సంకోచమును విశ్వాసహీనత యనవచ్చునా, లేక అదియే విశ్వాసమా? క్రైస్తవుడు దీనికి వేఱు ప్రత్యుత్తరమిచ్చును. క్రీస్తు దేవుని ప్రతిరూపముగా మనుష్యులు చేసికొన్న ప్రతిమ కాడు, దేవుడే మనుష్యులయొద్దకు దిగివచ్చిన స్వరూపమని యతడు చెప్పును. ఆ ప్రత్యుత్తరము తేలికగా త్రోసివేయదగినది కాదని మేమొప్పుకొందుము. వేంకటరత్నముగారు దానిని గౌరవించుచునే బ్రహ్మవాదిగా నిలిచిరి. క్రైస్తవ మిత్రులతో స్నేహమును ఎన్నడును త్రెంచుకొనలేదు. తరువాత నోబిలు కళాశాలయందు, అనగా క్రైస్తవ మిషనువారి విద్యాలయముననే, ఉపాధ్యాయులై యుండిరి. అచ్చట ఆయన చేతిక్రింద చదివినవారిలో భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావుగార్లు కలరు.

ఇంతలో ఆయన గృహమున గొప్ప దుఃఖము సంభవించెను. ముప్పదియేండ్ల వయస్సు నిండకముందే భార్య మరణించెను. ఆ దినములలో పురుషునకు పునర్వివాహమనగా ఏడాది తిరుగకమున్నే జరుగు సామాన్య కార్యము. బంధువులు పిల్లను చూచుటయు, ముహూర్తము పెట్టించుటయు ఆచారమే. ఆయన అంగీకరింపక, శేషించిన యర్ధశతాబ్దమును బ్రహ్మచర్యముననే గడపెను. తెల్లని వస్త్రములు, తెల్లని తలపాగా ఆయన వేషము. స్త్రీకి ఒక్క భర్తయే యని శాసించి పురుషునకు ఆ నియమమును సడలించిన సంఘమున, ఆ తెలుపు ఉపన్యాసముకంటె గట్టిగా పలికెను.

ఇచ్చట మాకు తోచినదొకటి చెప్పుదుము. ఇది ఆయన మాట కాదు, మా యూహ. యూదుల ప్రవక్తలలో హోషేయ యనునాతడు విగ్రహారాధనమును వ్యభిచారముతో పోల్చెను. భర్తను విడిచి పరులవెంట పోయిన భార్యను అతడు మరల చేరదీసికొని, తన వ్యథనుండి దేవుని వ్యథను గ్రహించెనట. ఆ ప్రవక్త దృష్టిలో దేవునియెడ నిష్ఠ యనునది తర్కమున సిద్ధించు మతము కాదు, దాంపత్యమువంటి విశ్వాసము. వేంకటరత్నముగారి జీవితమున ఏకేశ్వరవ్రతమును ఏకపత్నీవ్రతమును వేఱుచేసి చూపుట కష్టము. ఆయన సంఘసంస్కరణలలో సంఘపవిత్రతోద్యమము మొదటిదగుటకును ఇదియే మూలమని మేము తలంతుము.

ఆ కాలమున పెండ్లిలో భోగముమేళము లేకున్న పెండ్లియే కాదని పెద్దమనుష్యులు తలచుచుండిరి. గవర్నరులకును దొరలకును విందులిచ్చినను ఆటకత్తె ఉండవలసినదే. ఆ యాడుబిడ్డలు బాల్యముననే దేవుని విగ్రహమునకు కట్టబెట్టబడినవారు. విగ్రహమునకు భార్య యనిపించి, గ్రామపెద్దలకు ఆటవస్తువును చేయుట! విగ్రహారాధనమును గూర్చి పండితులు ఎంత సూక్ష్మముగ సమర్థించినను, ఆ సమర్థన ఈ బాలికల యెదుట నిలువదు. 1893లో చెన్నపురి సంస్కర్తలు రాజప్రతినిధికిని గవర్నరునకును విజ్ఞాపనము పంపి, ఇట్టి మేళములు జరుగు సభలకు వెళ్లవలదని వేడుకొనిరి. ఇరువురును నిరాకరించిరి. వేంకటరత్నముగారు ఆ నిరాకరణముతో ఆగలేదు. భోగముమేళములను బహిష్కరింపవలెనని వ్రాతలచేతను ఉపన్యాసములచేతను బోధించుచు వచ్చిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున పట్టిన పోరే ఇదియు.

1899లో మహబూబు కళాశాలకు వచ్చిరని చెప్పితిమి. సోమసుందర మొదలియారుగారు 1862లో స్థాపించిన పాఠశాల పెరిగి, ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను పేర ఆ నామము వహించెను. బేగంపేటనుండి సికింద్రాబాదువైపు వచ్చువానికి అది దూరము కాదు. ఆ పరిసరములను తలచుకొన్న ఆశ్చర్యము కలుగును. 1813లో కట్టిన సెయింటు జాను దేవాలయము ఒకచోట, అప్పయ్య నిలిపిన మహంకాళి యొకచోట, దండు మసీదులు ఒకచోట. 1906లో బేగంపేటయందు పూర్తియైన, స్పెయిను మసీదని పేరొందిన కట్టడమునకు ఆయన యున్న సంవత్సరములలోనే గోడలు లేచుచుండెను. ఒకే గంటలో నడచి చూడదగిన నేలపై మనుష్యులు దేవుని వెదకిన మార్గములన్నియు కలవు.

ఆ కళాశాలయందే 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి, అమెరికా పోకమునుపు, ఉపన్యసించియుండిరి. స్వామివారు విగ్రహమును నిందింపలేదు. అల్పాధికారికి అది తొలిమెట్టు కావచ్చుననియు, మెట్టును తిట్టరాదనియు ఆయన మతము. ఆఱేండ్లకు అదే విద్యాలయమున వేంకటరత్నముగారు అధ్యక్షులై వచ్చిరి. మెట్టు అనుమాట అందమైనదే. కాని మెట్టుమీదనే ఇల్లు కట్టుకొని తరతరములు కాపురముండిన జనులను చూచినవారికి ఆ మాట తృప్తి నీయదు. హిజ్కియా పగులగొట్టిన యిత్తడి సర్పమును ఒకప్పుడు మెట్టే. అయినను స్వామివారి పక్షమున ఒక న్యాయము కలదని మేమెఱుగుదుము: విగ్రహమును పగులగొట్టినవాడు దానిచోట ప్రేమను నిలుపకున్న ఆ శూన్యమున అహంకారము కూర్చుండును. సంస్కర్తలలో అట్టివారిని మేము చూడకపోలేదు.

వేంకటరత్నముగారు అట్టివారు కారు. 1904 వఱకు సికింద్రాబాదున నుండి, పిమ్మట కాకినాడలో పిఠాపురపు రాజావారి కళాశాలకు ప్రధానాధ్యాపకులై వెళ్లి 1919 వఱకు దానిని నడపిరి. ఆయన చరిత్రమున మిక్కిలి ప్రసిద్ధమైన భాగమిది గనుక మేము త్వరగా చెప్పుదుము. బాలురతోపాటు బాలికలకును ఆ కళాశాల తలుపులు తెరచిరి. అంటరానివారని వెలివేయబడిన పిల్లలను చేర్చుకొనిరి. పిఠాపురము మహారాజు సూర్యారావు బహద్దరువారు ఆయన ప్రభావమునకు లోనై అనాథశరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పిరి. తన జీతములో నధికభాగము బీదవిద్యార్థుల పాలు చేసెను. సిరికి దాస్యము చేయరాదను బోధకు ఆయన పాటించిన వ్యాఖ్యానము అదియే. ప్రతిమలేని యింట ధనము విగ్రహమై కూర్చుండుటకు చోటీయలేదు.

ఆయన జీవితమున మాకు సమాధానము దొరకని భాగము కూడ కలదు. ఆంగ్లప్రభుత్వము నెడ ఆయన విశ్వాసము చలింపలేదు. 1924లో సర్ బిరుదము లభించెను. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. ఆయన శిష్యుడగు పట్టాభిసీతారామయ్యగారు ఆ కాలముననే ఆ ప్రభుత్వము నెదిరించుచుండిరి. బబులోను రాజు నిలిపిన బంగారు ప్రతిమకు మ్రొక్కక అగ్నిగుండమున ప్రవేశించిన మువ్వురు యువకుల కథను మెచ్చువారు, రాజ్యమే ప్రతిమయై నిలిచినప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు గురుశిష్యులు వేఱు వేఱు ప్రత్యుత్తరములిచ్చిరి. గురువుపై గౌరవమువలన ఈ భేదమును కప్పిపుచ్చుట మాకిష్టము లేదు. శిష్యులును భేదించినను ఆయనను గౌరవించుట మానలేదు.

ఆ గౌరవమే యొక చిక్కు తెచ్చినది. బ్రహ్మర్షి యనిరి, అపర సోక్రటీసనిరి. ఆయన ఉపన్యాసములును ప్రార్థనోపదేశములును సంపుటములుగా వెలువడినవి. వానిని చదువువారికంటె ఆయన చిత్రపటమునకు జయంతినాడు పూలమాల వేసి అగరువత్తి వెలిగించువారు హెచ్చుగ నున్నారేమో యని మా సందేహము. జీవితమంతయు ప్రతిమను నిరాకరించినవాని పటమునెదుట ధూపము వేయు మిత్రుని ఒకనిని మేము మెల్లగ ప్రశ్నించితిమి. అతడు సిగ్గుపడి అగరువత్తిని ఆర్పెను గాని పూలదండను తీయుటకు అతనికి చేతులు రాలేదు. మేమును తీయుమని చెప్పలేకపోతిమి.

1939 మే 26వ తేదీని ఆయన దేహము చాలించిరి. వీరేశలింగము పంతులుగారు 1919 మే 27న గతించినారు గనుక ఆంధ్రదేశపు సంస్కర్తల నిద్దఱను తలచువారికి ఆ రెండు దినములు ప్రక్కప్రక్కనే వచ్చును. బాలికలను దేవాలయములకు అంకితము చేయుటను మాన్పు చట్టమును చెన్నపురి శాసనసభవారు 1947లో చేసిరి. విజ్ఞాపనము త్రోసివేయబడిన యేటినుండి అప్పటికి ఏబదినాలుగేండ్లు, వేంకటరత్నముగారు పోయి యెనిమిదేండ్లు.